గోళీలు కట్టి ఊలు ఫెల్టింగ్ చేశాను: కొన్ని బుడిపెలు నిలిచాయి, కొన్ని పోయాయి, తెల్ల ఊలు అసలు కదల్లేదు

ఊలుపెట్టె, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా ఆయన ఆర్మీలో ఉన్నప్పుడు పఠాన్‌కోట్‌లో ఆరేళ్ళు ఉన్నాం. చలికాలం వస్తే క్వార్టర్స్ ముందు ఎండలో మంచాలు వేసుకుని ఆడవాళ్ళంతా సూదులు పట్టుకునేవాళ్ళు. పక్కింటి ఆంటీ నాకు సీదా, ఉల్టా కుట్లు నేర్పింది. ఇప్పటికీ వరస లెక్క పెట్టేటప్పుడు నా నోట్లో హిందీ అంకెలే వస్తాయి. తిరుపతికి వచ్చేశాక ఊలు పెట్టె అటకెక్కింది. ధనుర్మాసంలో కొండ మీద ఒక రాత్రి ఉండాల్సి వస్తే తప్ప ఇక్కడ స్వెటర్ ఎవరికి కావాలి? పెట్టెలో ఇంకా మూడు కేజీల దాకా ఊలు ఉంది. ఏడాదికి రెండుసార్లు ఎండబెట్టి వేపాకు వేసి పెడుతున్నాను. ఎవరికైనా ఇచ్చేయమంటారు. నాకు చేతులు రావడం లేదు.

మా అత్తగారికి 76 ఏళ్ళు. రోజూ పొద్దున విష్ణు సహస్రనామం చదువుకుంటారు. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి కూర్చుంటారు, అది గ్రానైట్ మీద జారుతుంది. జపానికి కంబళి ఆసనం మంచిదని ఆవిడే ఎప్పుడూ అంటుంటారు. అప్పుడు తట్టింది: ఊలుతో ఆసనం అల్లి, దాన్ని వేడి నీళ్ళలో దట్టంగా అట్టకట్టిస్తే? మామూలుగా మనం ఊలు స్వెటర్‌ను వేడి నీళ్ళలో వేస్తే పిల్లాడి స్వెటర్ అయిపోయిందని బాధపడతాం కదా, అదే పని కావాలని చేయడం. దాన్నే ఫెల్టింగ్ అంటున్నారు. ఉత్త మందపాటి గుడ్డ అయితే ఎప్పుడో చేసేసేదాన్ని. దాని మీద అందంగా ఏదైనా రావాలని నా ఆశ. అందుకే చిన్న ముక్కల మీద మూడు రకాలుగా ప్రయత్నించాను.

మొదటిది మెరూన్ ఊలు. మామూలుగా దానికి 4 మిల్లీమీటర్ల సూదులు వాడతాను. ఫెల్టింగ్‌కు వదులుగా ఉండాలన్నారని 5 మిల్లీమీటర్ల సూదులతో 40 కుట్లు వేసి 53 వరసలు అల్లాను. కొలిస్తే 24 సెంటీమీటర్ల చదరం వచ్చింది. మా సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో గీజర్ నీళ్ళు, కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ పోసి రెండుసార్లు తిప్పాను. తీసేసరికి అడ్డం 19, నిలువు 16. కుట్లు కనిపించడమే లేదు. నడిమధ్యన కత్తెరతో కత్తిరించాను, ఒక్క పోగు కూడా ఊడలేదు. ఆ రోజు ఆ ముక్కను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుని చూశానో!

రెండోది తెల్ల ఊలు. అదే సూదులు, అవే నీళ్ళు. మూడుసార్లు తిప్పినా పెట్టినది పెట్టినట్టే ఉంది. శుభ్రపడింది, అంతే. ఇది అక్రిలిక్ ఏమో అని ఒక పోగు కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసనే వచ్చింది, వేళ్ళ మధ్య నలిపితే బూడిద పొడి అయింది. అంటే ఊలే కదా. మరి ఎందుకు కదల్లేదు? తిరుపతిలోనే ఒక షాపులో రెండేళ్ళ కిందట కొన్నాను, ప్యూర్ వూల్ అనే ఇచ్చారు.

మూడోది నా మనసంతా ఉన్నది. క్రీమ్ రంగు ఊలుతో అల్లిన ముక్కలో గోళీలు పెట్టి, వెనక నుంచి మెడ బిగించినట్టు దారం కట్టి, తర్వాత ఫెల్టింగ్ చేశాను. కట్టిన చోట గుడ్డకు రాపిడి తగలదు కాబట్టి అక్కడ అల్లిక అల్లికలాగే ఉండి, చుట్టూ ఉన్నది దగ్గరపడి, గోళీలు తీసేస్తే బుడిపెలు నిలబడాలి. జపాన్‌లో గుడ్డకు ముడులు వేసి రంగు ముంచే షిబోరి పద్ధతి నుంచి ఈ ఆలోచన వచ్చిందట. మొత్తం పదహారు చోట్ల కట్టాను. మొదటి ఎనిమిది గోళీలకు పూలు కట్టే దారం వాడాను. దారం అయిపోతే తర్వాతి నాలుగింటికి అదే క్రీమ్ ఊలుతో కట్టాను. గోళీలు కూడా అయిపోయాయి, చివరి నాలుగు చోట్ల చింతగింజలు పెట్టాను.

పూలదారం కట్టిన ఎనిమిదిలో ఐదు చాలా బాగా వచ్చాయి. గుండ్రంగా, మెత్తగా, లోపలి అల్లిక కనిపిస్తూ. మిగతా మూడు చప్పబడిపోయాయి. ఊలుతో కట్టినవి విప్పడానికే రాలేదు, కట్టు గుడ్డలో కలిసిపోయింది. బ్లేడుతో కోస్తే రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. చింతగింజల చోట బుడిపెలు చిన్నవైనా నిలిచాయి కానీ చుట్టూ లేత గోధుమరంగు వలయాలు పడ్డాయి. ఎంత ఉతికినా పోలేదు.

ఇంకోటి కూడా అడగాలి. ముళ్ళ సూదితో ఊలు పొడిచి బొమ్మలు వేస్తారు కదా, దాంతో మామిడి పిందె ఆకారం వేయాలని ఉంది. దాన్ని ఫెల్టింగ్ చేయకముందు వేయాలా, చేశాక వేయాలా? మెరూన్ ముక్క మీద ముందే వేసి చూస్తే నా పిందె పొట్టిగా, లావుగా అయిపోయింది.

మూడు కేజీల ఊలు ఉంది కదా అని తొందరపడి పెద్ద ముక్క పాడు చేసుకోదలచుకోలేదు. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

చలిమంట, మదనపల్లె

అక్కా, మీ కొలతలు చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. చాలామంది కొలవకుండా వేసేసి తర్వాత ఏడుస్తారు. నేను ఏడేళ్ళుగా ఫెల్టింగ్ బ్యాగులు చేస్తున్నాను.

ముందు తెల్ల ఊలు సంగతి. షాపువాళ్ళు మీకు అబద్ధం చెప్పలేదు, అది ఊలే. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ వదలవు. అట్టకట్టడం అంటే అదే. మెషీన్‌లో ఉతికినా కుంచించుకుపోకూడదని కొన్ని రకాల ఊలును మిల్లులోనే క్లోరిన్‌తో శుద్ధి చేసి, పొలుసుల మీద సన్నటి రెజిన్ పూత వేస్తారు. సూపర్‌వాష్ అంటారు. కాలిస్తే వెంట్రుక వాసనే వస్తుంది, అందుకే కాల్చి చూసే పరీక్షలో అది దొరకదు. లేబుల్ మీద మెషీన్‌లో ఉతకొచ్చు అని ఉంటే అనుమానించండి. లేబుల్ పోయి ఉంటే ఇలా చేయండి: రెండు పోగుల కొసలు విప్పదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడి చేసి అరచేతుల మధ్య వేడెక్కేదాకా గట్టిగా రుద్దండి. ఫెల్ట్ అయ్యే ఊలు అయితే రెండూ ఒకటే పోగు అవుతాయి. సూపర్‌వాష్ అయితే విడిపోతాయి. అర నిమిషం పని. మీ పెట్టెలో ఉన్న ప్రతి రంగుకూ చేయండి, ఒకే షాపులో కొన్నవైనా సరే.

ఆ తెల్లదాన్ని పారేయకండి మాత్రం. మెరూన్ ఆరు వరసలు, తెల్లది నాలుగు వరసలు అల్లి ఫెల్టింగ్ చేస్తే మెరూన్ కుంచించుకుంటుంది, తెల్లది కుంచించుకోదు. తెల్ల చారలు మిగిలిన గుడ్డంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైకి ఉబ్బి కుచ్చిళ్ళలా నిలబడతాయి. కాటన్ దారంతో కూడా అలాగే వస్తుంది. నాకు గోళీల కంటే అదే ఇష్టం.

గోళీల విషయంలో ఒకటి అడుగుతాను. ఆ చప్పబడ్డ మూడింటినీ తడిగా ఉండగానే విప్పారా? బుడిపె ఆకారం నిలిచేది ఆరేటప్పుడే. ముక్క పూర్తిగా ఎండిపోయాక, ఇంకో పూట కూడా వదిలేసి అప్పుడు విప్పాలి. మీ తిరుపతి ఎండలో ఒక రోజు చాలు, మాకు వానాకాలంలో మూడు రోజులు పడుతుంది. ఊలుతో కట్టు కడితే అది కూడా ఊలే కాబట్టి పక్కవాటితో పాటు అట్టకట్టింది. కాటన్ లేదా నైలాన్ దారమే వాడాలి. తిరుపతిలో పూలకొట్ల దగ్గర అరటి నార దొరుకుతుంది కదా, దాన్ని తడిపి కట్టి చూడండి. నునుపుగా ఉంటుంది, ఊలుకు అంటుకోదు, నారతో ముడి గట్టిగా బిగుస్తుంది.

మెషీన్ గురించి ఒక మాట. సెమీ ఆటోమేటిక్ మీ అదృష్టం. ముందు నుంచి తలుపుండే మెషీన్లు మధ్యలో తెరుచుకోవు. మీరు ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూడొచ్చు. చూడాలి కూడా, ఒకసారి ఎక్కువ అట్టకడితే వెనక్కి తేవడం కుదరదు. ముక్కను దిండు గలీబులో పెట్టి మూతి కట్టండి, లేకపోతే నూగంతా పైపులోకి పోతుంది. తోడుగా ఒక పాత జీన్స్ వేస్తే రాపిడి బాగుంటుంది. టవల్ వేయకండి, దాని నూగు అంతా మీ ఆసనానికి పడుతుంది. లిక్విడ్ వాడారు, మంచి పని చేశారు. బోరు నీళ్ళలో బట్టల సబ్బు వేస్తే నురగ రాదు, తెల్లటి జిడ్డు ఊలులో ఇరుక్కుంటుంది.

మీ మెరూన్ లెక్క ప్రకారం అడ్డం నూటికి 21, నిలువు నూటికి 33 తగ్గింది. నిలువు ఎక్కువ తగ్గడం మామూలే. యాభై సెంటీమీటర్ల చదరం ఆసనం కావాలంటే అల్లేటప్పుడు 63 అడ్డం, 75 నిలువు ఉండాలి. అంటే 105 కుట్లు, 166 వరసలు. మీ పిందె పొట్టిదైపోయింది కూడా ఇందుకే.

కలం, శ్రీకాళహస్తి

అమ్మా, నాకు అల్లిక రాదు. మాది కలంకారీ పని. మామిడి పిందె అన్నారని చదివాను, చింతగింజల దగ్గర ఆగిపోయాను.

చింతగింజ పొట్టులో వగరు ఉంటుంది. మేము గుడ్డను కరక్కాయ నీళ్ళలో, గేదె పాలలో ముంచేది కూడా ఆ వగరు గుడ్డకు పట్టడానికి, పాలలోని కొవ్వు వల్ల గీత పాకకుండా ఉండడానికి. మీ ఊలు వేడి నీళ్ళలో ఆ వగరును పీల్చుకుంది. ఉతికితే పోదు. పోగొట్టాలని బ్లీచింగ్ మాత్రం వేయకండి, ఊలు తినేస్తుంది. నన్నడిగితే అది మరక కాదు. గోళీ కింద ఒక చింతగింజ కూడా పెట్టి కట్టండి, ప్రతి బుడిపె చుట్టూ అదే వలయం వస్తుంది. పదహారు చోట్లా వస్తే అది డిజైన్. లేదంటే గింజలు మొత్తం మానేయండి.

ఇంకో జాగ్రత్త. నల్ల గీత కోసం ఎవరైనా కసిమి వాడమని చెప్పొచ్చు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్ళలో వారాల తరబడి పులియబెట్టి చేస్తాం. వగరు ఎక్కిన నూలు గుడ్డ మీద పెట్టగానే నల్లబడుతుంది. నూలుకు అది సరిపోయింది. ఊలుకు ఇనుము పడదు, పోగు గరుకెక్కి కొన్నాళ్ళకు పెళుసవుతుంది. రోజూ కూర్చునే వస్తువు మీద వద్దు. నల్ల ఊలునే గీతగా వాడండి.

మీ ముళ్ళ సూది పని నేను మా అక్క కూతురి దగ్గర చూశాను. ఆమె బొమ్మ వేస్తుంటే నాకు చేతులు ఆగలేదు. మా పనిలో ముందు నల్ల గీత, తర్వాత రంగులు. సూది పనిలో అది తిరగబడుతుంది. ముందు రంగు ఊలు పరిచి పొడవాలి, ఆఖరున గీత వేయాలి. గీత ముందు వేస్తే రంగు ఊలు పీచులు దాని మీదికి ఎక్కి గీత చచ్చిపోతుంది. గీత ఒకే మందంలో ఉంటే పిందెకు జీవం రాదు. తోక దగ్గర రెండు పోగులు, కడుపు దగ్గర నాలుగు పోగులు పెట్టి చూడండి. వెదురు కలానికి చుట్టిన గుడ్డను నొక్కే కొద్దీ మాకు గీత లావెక్కినట్టే ఉంటుంది.

ఊలుపెట్టె, తిరుపతి

చలిమంట గారూ, మీరు పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. ఆ మూడూ నేను తడిగా ఉండగానే విప్పాను. ఎలా వచ్చిందో చూడాలని ఆగలేకపోయాను. మిగతా ఐదు చీకటి పడిందని వదిలేశాను, అవే నిలిచాయి! తెల్ల ఊలును అరచేతుల్లో రుద్ది చూశాను, విడిపోయింది. నీలం కూడా విడిపోయింది. మెరూన్, క్రీమ్, నలుపు, ఆకుపచ్చ అతుక్కున్నాయి. పెట్టె మీద రెండు సంచులు పెట్టి వేరుచేశాను.

కలం గారూ, కసిమి గురించి చెప్పి మంచిపని చేశారు. మా వదిన సరిగ్గా అదే సలహా ఇచ్చింది.

అసలు విషయం ఇంకోటి జరిగింది. మధ్యలో శంఖు చక్రాలు వేద్దామని కాగితం మీద గీసి అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్నే చూశారు. "స్వామివారి గుర్తుల మీద కూర్చోమంటావా అమ్మా?" అన్నారు. నాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు. తిరుపతిలో ఉంటూ ఎలా మరిచిపోయానో. పద్మం వేస్తానన్నాను, అది పరవాలేదన్నారు కానీ ముఖంలో సంతోషం లేదు. తర్వాత క్రీమ్ ముక్క చేతిలోకి తీసుకుని బుడిపెలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టారు. ఆవిడ అన్నమాట ఇది: "ఇవి చుక్కలు కదా. చుక్కలు పెట్టేసి ముగ్గు వేయకుండా వదిలేశావేం?"

నేను ఇరవై రోజులుగా ఆ ముక్కను చూస్తున్నాను. నాకు బుడిపెలు కనిపించాయి. ఆవిడకు చుక్కలు కనిపించాయి.

ఇప్పుడు మెలికల ముగ్గు వేద్దామనుకుంటున్నాం. చుక్కల చుట్టూ తిరుగుతూ, ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే వచ్చే గీత. ఆవిడ నడుము నొప్పి వల్ల వాకిట్లో వంగి ముగ్గు వేయడం మానేసి నాలుగేళ్ళయింది. కాగితం మీద మాత్రం చేయి తడబడలేదు. కూర్చునే మధ్య భాగంలో బుడిపెలు ఉంటే గుచ్చుకుంటాయి కాబట్టి అంచు చుట్టూ మాత్రమే, ఒక్కో వైపు ఆరు చుక్కలు, మొత్తం ఇరవై. రెండు గీతలు జడలా ఒకదాన్నొకటి దాటుతూ చుట్టూ తిరుగుతాయి. ఆసనం మెరూన్, గీత క్రీమ్, పిండి ముగ్గులాగే. మధ్యలో ఏమీ వద్దన్నారు.

తయారయ్యాక చుక్కకూ చుక్కకూ మధ్య 8.4 సెంటీమీటర్లు రావాలి. మీ లెక్కనే వాడి, అల్లిన ముక్క మీద అడ్డంగా 10.6, నిలువుగా 12.6 దూరంలో గుర్తులు పెట్టాలని తేలింది. సరిపోతుందా? గీత ఫెల్టింగ్ అయ్యాకే వేస్తాను, పిందె గతి దానికి పట్టకూడదు.

గొంగడి మనవడు, చిత్తూరు

మేడమ్, మా తాతగారి ఇంట్లో కంబళి నేతే జీవనం. నాకు మగ్గం రాదు కానీ ఉన్ని మీద ప్రేమ పోలేదు. మన వైపు మందల్లో ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద వెంట్రుకే తప్ప వడకడానికి పనికొచ్చే ఉన్ని ఉండదు. తాత అనంతపురం వైపు నుంచి దక్కని గొర్రె ఉన్ని తెప్పించుకునేవాడు. నల్లగా, గరుగ్గా ఉంటుంది. మీ అల్లిక ఊలు మెత్తన కాబట్టి పెద్దావిడకు అదే మంచిది. కానీ అడుగున గట్టి పొర ఒకటి ఉంటే ఆసనం ముడుచుకోదు. పాత కంబళి ముక్క దొరికితే కింద కుట్టండి. అది ఇంకా జారుతుంటే షెల్ఫుల్లో వేసే రబ్బరు జాలీ షీటు నాలుగు మూలలా తగిలించండి.

పెద్ద ముక్కలో మీకు ఇంకో సమస్య వస్తుంది, చిన్న ముక్కల్లో అది కనబడదు. అంచులు మధ్య భాగం కంటే వదులుగా ఉండి, అరిటాకు అంచులా అలలు అలలుగా సాగుతాయి. నేను ఒకసారి మా పాప చాప అలా పోగొట్టుకున్నాను. మెషీన్‌లో వేసేముందు చుట్టూ కాటన్ దారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి, ఎంత కొలత కావాలో అంతకు లాగి ముడి వేయండి. అంచు ఆ దారాన్ని దాటి సాగదు. ఎండాక దారం లాగేయొచ్చు.

బయటకు తీసినప్పుడు చల్లటి నీళ్ళలో జాడించి, ఆఖరు నీళ్ళలో రెండు చెంచాల వెనిగర్ వేయండి, సబ్బు జిగురు పోతుంది. స్పిన్నర్‌లో ఎక్కువసేపు తిప్పితే మడతలు అలాగే ఉండిపోతాయి. టవల్‌లో చుట్టి నొక్కితే చాలు. తర్వాత చదరంగా లాగి, గచ్చు మీద పరిచి మూలలకు బరువులు పెట్టండి. తడిగా ఉన్నప్పుడే అది మీ మాట వింటుంది.

చలిమంట, మదనపల్లె

అక్కా, ముగ్గు ఆలోచన చదివి మా అమ్మకు కూడా చదివి వినిపించాను. దూరాల లెక్క సరే, ఒక చిన్న సవరణ. ప్రతి గోళీ తన చుట్టూ కొంత గుడ్డను లోపలికి లాక్కుంటుంది. మామూలు గోళీ 16 మిల్లీమీటర్లు ఉంటుంది కదా, ఒక్కో వైపు ఆరు ఉన్నాయి కాబట్టి అంచులు మధ్య కంటే పొట్టిగా వస్తాయి. ఆరేటప్పుడు లాగి సరిచేయొచ్చు కొంతవరకు. 105 కుట్లకు బదులు 111 వేయండి, వరసలు 174 చేయండి.

ముళ్ళ సూదులు 36, 38, 40 నంబర్లు వస్తాయి. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నం. మందపాటి గుడ్డలోకి ఊలు దించడానికి 36, ఆఖరున గీత నున్నగా చేయడానికి 40. నిటారుగా దించి నిటారుగానే తీయండి, పక్కకు వంచితే సూది విరుగుతుంది, ఆ ముక్క లోపల ఉండిపోతే కూర్చునే వస్తువులో చాలా ప్రమాదం. కింద మందపాటి స్పంజి తప్పనిసరి. విరిగిన ప్రతి సూదికీ కొస దొరికిందాకా లేవకండి.

ఊలుపెట్టె, తిరుపతి

ముప్పై నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆసనం అయింది.

111 కుట్లు, 174 వరసలు, మెరూన్ ఊలు 290 గ్రాములు పట్టింది. గోళీలకు అరటి నార వాడాను. గాంధీ రోడ్డులో పూలమ్మే ఆవిడ ఎందుకని అడిగి, చెప్పాక డబ్బులు తీసుకోలేదు. నారను అరగంట నానబెట్టి కడితే ముడి దానంతటదే బిగుసుకుంది. అంచు చుట్టూ కాటన్ దారం కూడా వేశాను. నా మెషీన్‌లో మొదటి పది నిమిషాలు ఏమీ జరగలేదు. పదిహేనో నిమిషానికి కుట్లు మసకబారాయి. ఆ తర్వాత మూడు నిమిషాలకోసారి మూత తీశాను. ఇరవై ఆరో నిమిషంలో ఆపేశాను. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే ఇంకా గట్టిగా వచ్చేదేమో, ధైర్యం చాలలేదు. మిద్దె మీద నీడలో రెండు రోజులు ఆరబెట్టాను, మూడో రోజు పొద్దున విప్పాను. ఇరవైలో పద్దెనిమిది గుండ్రంగా నిలిచాయి. రెండు మూలల దగ్గరవి కొంచెం ఒరిగాయి. వాటిలోకి కాస్త క్రీమ్ ఊలు కుక్కి వెనక నుంచి కుట్టేశాను, ఇప్పుడు తేడా తెలియదు. కొలత అడ్డం 51, నిలువు 49.

గీత కోసం క్రీమ్ ఊలును రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి, కుక్కలకు దువ్వే బ్రష్షులు రెండు కొని వాటి మధ్య దువ్వాను. పురి విడిపోయి దూదిలా అయింది. దాన్ని చేత్తో సన్నగా పేని, అత్తగారు సుద్దముక్కతో గీసిన దారి వెంట 36 నంబరు సూదితో దించాను. కలం గారు చెప్పిన లావు సన్నం ఇక్కడ కూడా పనికొచ్చింది. ముగ్గు పిండి వేళ్ళ మధ్య నుంచి జారేటప్పుడు కూడా మలుపు దగ్గర కొంచెం ఎక్కువ పడుతుంది కదా, మలుపుల దగ్గర పోగు పెంచాను. గీతలు దాటే చోట ఏది పైన, ఏది కింద అన్నది మాత్రం నన్ను మూడు సాయంత్రాలు కూర్చోబెట్టింది. ఒక మూల తప్పు వేశాను. ఇంకా పూర్తిగా దించలేదు కాబట్టి పీకి మళ్ళీ వేయగలిగాను. సూది ఒకటి విరిగింది. కొస దొరికింది, అయస్కాంతంతో వెతికాను.

కింద కంబళి ముక్క దొరకలేదు. ఇంకో మెరూన్ పొర సాదాగా ఫెల్టింగ్ చేసి కుట్టాను, మూలలకు రబ్బరు జాలీ వేశాను, జారడం లేదు. అత్తగారు సహస్రనామం చదువుతూ కుడిచేతి బొటనవేలితో అంచు మీది చుక్కలు తడుముతున్నారు. మూలకు వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్తున్నారు. నేను గుమ్మం దగ్గర నుంచి చూశాను.

చలిమంట గారూ, తెల్ల ఊలు కుచ్చిళ్ళు మొదలుపెట్టాను. మెరూన్ ఆరు, తెల్లది నాలుగు, 40 కుట్లు. కోడలికి ఫోన్ పౌచ్. నీలం కూడా కదలని ఊలే కాబట్టి తెలుపు, నీలం మార్చి మార్చి వేద్దామనుకుంటున్నాను. చారలు నాలుగు వరసలు చాలా, ఆరు చేయాలా?

చలిమంట, మదనపల్లె

ఆరు చేయండి అక్కా. నాలుగైతే అల కనిపిస్తుంది, ఆరైతే నిలబడుతుంది. మొదటి చార మాత్రం అంచు నుంచి కనీసం పది వరసలు లోపలికి ఉండాలి, లేకపోతే పౌచ్ మూతి వదులైపోతుంది.